ఒకవేళ బోరుల నీళ్లు లేకుంటే

ఏడు కంప్యూటర్లల నాలుగు లేస్తయి.
మౌసు ముట్టేముందు పిల్లలు
చేతులు లాగుకు తుడుచుకుంటరు,
అది నేను చెప్పింది కాదు.

తెర మీద ఒక పిల్లి.
ఎడమ దిక్కు రంగురంగుల ముక్కలు,
ఒకదాని గాడిల ఇంకొకటి కూసుంటే టక్కుమంటది.
"పది అడుగులు నడువు." పిల్లి నడిచింది.
దాన్నే "మళ్లమళ్ల చెయ్యి" ముక్కల ఇరికిస్తే
గోడదాక వొయ్యి అక్కడ్నే కాళ్లాడిస్తున్నది.
ఎనిమిదో తరగతి ఒకటే నవ్వుడు.
చందంపేట బడిల అంత నవ్వు
పోయినేడు క్లాసులకు మేకపోతు జొచ్చిన్నాడు విన్న.

ఇగ నారింజ ముక్క.
"అయితే" అంటే ఏందో చెప్పాలె.
రాత్రి రాసుకున్న ఉదాహరణ తీసిన:
వాన పడితే గొడుగు పట్టుకో.
ఎవ్వరు ఊకొట్టలే.
గొడుగు ఎవరింట్ల ఉన్నదో నేను అడగలే.

వెనక బెంచీల కెల్లి కొర్ర గంగోత్రి,
"ఆటో స్టార్టర్ లెక్కనా సార్?
కరెంటొస్తే మోటరు నడువాలె, గంతేనా?"

గంతే బిడ్డా.
నాలుగేండ్ల నా బీటెక్కు గంతే.

పిల్లిని తీసి అవతల పారేసింది.
దాని జాగల ఒక బోరు గీసింది,
నాలుగు బత్తాయి చెట్లు, వంకర టింకరగ ఒక స్టార్టరు డబ్బ.
పచ్చజెండ ఒత్తితే నీళ్లు పారినయ్.
చప్పట్లు. నేను హాజరు రిజిస్టరు అందుకున్న.

ఆమె కుర్చీల కెల్లి లేవలె.
"సార్, తప్పున్నది."
వంగి చూసిన. నాకే తప్పు కానరాలె.

"బోరు అడుగంటిందనుకో,
కరెంటు మాత్రం ఉంది.
మోటరు ఉత్తగనే తిరుగుతది గద."

పోయిన ఎండకాలం గట్లనే అయ్యిందట.
నడిరాత్రి కరెంటొచ్చింది, తండ మొత్తం నిద్రల ఉంది,
తెల్లారి పొయ్యేసరికి కాలిన వాసన.
కాయిలు కట్టియ్యనీకి పదకొండు వేలు,
రెండు మేకలు.
పన్నెండో ఎక్కం ఒప్పజెప్పినట్లు చెప్పింది.

ఇంకో నారింజ ముక్క గుంజుకొచ్చి
మొదటిదాని కడుపుల వెట్టింది.
ఆ లోపట జాగ ఉన్నదని
నేనింక చెప్పనేలేదు.
ఒకవేళ బోరుల నీళ్లు లేకుంటే, ఆపు.

టక్కుమన్నది.

నీలం గీత దిగుకుంట దిగుకుంట
అడుక్కు తగిలింది. మోటరు ఆగింది.
"మరి చెట్లు?" అన్నడు పక్క పిలగాడు.
"దానికి ముక్క లేదు" అన్నది గంగోత్రి,
బ్యాగు సదురుకుంట.

బడి ఇడిసినంక
ఎడమ దిక్కు వరుస మొత్తం
కిందిదాక జరిపి చూసిన.