సివాస్ దాటాక

పొద్దు వాలాకే మా ప్రయాణం.
చివరి ఈగ కూడా ముందు ఇల్లు చేరాలి.
అప్పుడు కాజిమ్ ఒక్కో పెట్టె మూతికీ జల్లెడ బిగిస్తాడు,
నేను లాంతరు పట్టుకుని లెక్కపెడతాను.
నూట ఎనభై రెండు.
ఎప్పుడూ ఒకటి తేడా వస్తుంది మాకు.
తప్పు ఎవరిదో ముప్ఫై ఒక్క ఏళ్లుగా తేలలేదు.

ముగ్లా కొండల్లో పైన్ చెట్ల తేనె,
మెర్సిన్ తోటల్లో నారింజ పూత,
అది రాలగానే ఉత్తరానికి, ఇంకా పైకి,
మంచు అప్పుడే వదిలిన పచ్చికల మీదికి.
పూలు ముందు నడుస్తాయి,
పూల వెనక ఈగలు, ఈగల వెనక మేము,
మా వెనక టైర్ల కొట్టువాడి బాకీ.

దారిలో లారీ ఆగకూడదు.
ఆగితే పెట్టెలు వేడెక్కుతాయి,
లోపల లక్షల రెక్కలు ఒక్కసారిగా హోరెత్తుతాయి.
తెల్లారేలోపు చేరకపోతే
ఏడాది కష్టమంతా మైనం ముద్ద.
కాబట్టి అతను కునుకు తీయకూడదు.
అతను కునుకు తీయకుండా నేను మాట్లాడుతూ ఉండాలి.
అదీ నా ఉద్యోగం.
పెళ్లినాడు ఎవరూ చెప్పలేదు.

మొదట్లో మాటలకేం కొదవ!
మా మేనత్త మూడు పెళ్లిళ్లు,
ఇమాముగారి గాడిద బావిలో పడ్డ రోజు,
అన్నీ రెండు వేసవుల్లో ఖర్చయిపోయాయి.
మళ్లీ చెప్పాను. మళ్లీ మళ్లీ చెప్పాను.
గాడిద రంగు మార్చాను,
మేనత్తకి నాలుగో మొగుణ్ణి తెచ్చాను.
"నాలుగోవాడా?" అని అతను కళ్లు పెద్దవి చేస్తే
ఇంకో నలభై కిలోమీటర్లు గండం గడిచేది.

మొన్న జూన్‌లో, సివాస్ దాటాక,
అబద్ధాలు కూడా అయిపోయాయి.
ఇంజను మోత.
నా ఒళ్లో పొద్దుతిరుగుడు గింజల పొట్లం.
అతని తల మెల్లగా ముందుకి వాలుతోంది.
నోటికొచ్చింది అనేశాను:
"నాకో కిటికీ కావాలని ఉండేది.
రోజూ లేవగానే అదే చెట్టు కనిపించే కిటికీ.
ఏ చెట్టైనా సరే."

అతను నిద్రపోలేదు.
మాట్లాడనూ లేదు.
ఎర్జిన్జాన్ దీపాలు వచ్చాయి, పోయాయి.
నేనొక్క ముక్క అనకుండానే
తొంభై కిలోమీటర్లు మేలుకుని ఉన్నాడు.
నా ఉద్యోగం పోయిందేమో అనుకున్నాను.

తెల్లవారుజామున పెట్టెలు దించి, మూతులు తెరిచాం.
కొత్తచోట ఈగ వెంటనే పూలకోసం పోదు.
ఇంటివైపే మొహం తిప్పి గాల్లో సున్నాలు చుడుతుంది,
ఎక్కడికి తిరిగి రావాలో చూసుకుంటుంది.
ప్రతి ఏడూ చూసేదే.
ఈసారి చూడలేక టీకి నీళ్లు పెట్టాను.

డేరా, స్టవ్వు, లారీ అద్దానికి కట్టిన బట్టల తాడు.
నా కనురెప్ప మీద ఓ కాటు, అతని బొటనవేలి మీద ఏడు.
గొర్రెలకాపరి దుర్సున్ జున్ను తెచ్చి
తేనె కోసం గంటసేపు వాతావరణం మాట్లాడతాడు.

ఓ సాయంత్రం డీజిలుకని ఊళ్లోకి వెళ్లి
కాజిమ్ కిటికీతో వచ్చాడు.
పడగొట్టిన ఏదో బడిది. నీలం రంగు పెచ్చులు,
నాలుగు అద్దాల్లో ఒకటి లేదు.
రెండు గుంజలు పాతి మధ్యలో నిలబెట్టాడు.
"గోడేదీ?" అన్నాను.
"గోడ మోయలేం" అన్నాడు.
"చెట్టు?"
ఆ మైదానంలో చెట్టన్నది లేదు.
చుట్టూ చూసి, కాసేపు తల గోక్కుని,
దూరాన కరెంటు స్తంభం చూపించాడు.
"ప్రస్తుతానికి అదనుకో."

నాకు కోపమే వచ్చింది.
ఆ డబ్బుతో లారీకి వెనక దీపం వచ్చేదని
పడుకునేదాకా సాధించాను.
అతను అటు తిరిగి, పిల్లాడిలా నిద్రపోయాడు.

పొద్దున్నే లేచి చూస్తే
అటూ ఆకాశమే, ఇటూ ఆకాశమే,
పక్కన అద్దంలేని గడి కూడా ఖాళీగానే ఉంది.
అయినా ఒక ఈగ
అద్దానికే తల బాదుకుంటోంది.

చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి
కిటికీ తెరిచాను.