లక్షలో ఒకరు

ఆవగింజలో అరవయ్యో వంతు అంటామే,
ఆ లెక్క ఇక్కడ కొండంత.
నేను వెతికేది దాని నీడని కూడా కాదు,
నీడ పడ్డ చోట కాస్త చల్లబడిన గాలిని.

రక్తపోటు మాత్రలు, బ్యాచ్ పంతొమ్మిది.
నూరి, కరిగించి, వడగట్టి
సన్నటి గొట్టంలోకి పంపి కూర్చున్నాను.
బయట ద్రావా నది మీద మంచు,
లోపల పంపు గురక.
పదకొండో నిమిషం దాకా తెర మీద గీత
ఏమీ ఎరగనట్టు పడుకునుంది.
ఇంకో ఇరవై సెకన్లకి
చీమ తలెత్తినట్టు ఎత్తింది.

ముందు నన్నే అనుమానించాను.
చేతి తొడుగులు మార్చాను, రబ్బరు కూడా
ఈ విషాన్ని కనగలదు.
సీసా మూత మార్చాను.
ఉత్త ద్రావకాన్ని పంపాను: గీత నిద్ర లేవలేదు.
మళ్ళీ మాత్రని పంపాను:
అదే చీమ, అదే వేళకి.
దొంగైతే వేళ మారుస్తాడు.
ఇది గుమాస్తాలా టైముకి వస్తోంది.

ప్తుయ్‌లో మా అమ్మమ్మ చిక్కుడు గింజలు ఏరేది,
చూపు పోయాక వేళ్ళతో.
"రాయి నయమే, పంటికి తగిలి చెబుతుంది" అనేది.
ఇది చెప్పదు.

బొగొమిర్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
అంకె చూశాడు. హద్దులో ఎనభై రెండు శాతం.
"పాస్, తదేయా" అన్నాడు టీ కలుపుకుంటూ.
నిజమే.
ఆ హద్దేమిటో పరీక్షకి వల్లెవేసినదాన్ని:
రోజూ వేసుకుంటూ డెబ్బై ఏళ్ళు గడిపితే
లక్షమందిలో అదనంగా ఒకరు.
మంచి హద్దు. అంతకన్నా మంచిది
నాకు గీయడం రాదు.
సంతకం పెట్టాను. చెయ్యి వణకలేదు.

మారిబోర్ జనాభా సుమారు లక్ష.

ఇది ఆరో నంబరు బస్సెక్కాక తట్టింది.
ఆ లక్షలోంచి ఓ ముప్ఫైమంది
తెల్లవారకుండానే నాతోపాటు ఊగుతున్నారు.
డ్రైవరు తుమ్మాడు.
స్కీలు మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఓ కుర్రాడి కునుకు.
పక్క సీటులో ఊలు టోపీ ముసలావిడ,
ఒళ్ళో ఏడు అరల ప్లాస్టిక్ డబ్బా.
గురువారం మూత బిగుసుకుపోయింది.
"నీ గోళ్ళు గట్టివి, కాస్త తీస్తావా?"

తొడుగుల్లేని వేళ్ళతో తీశాను.
మూడు మాత్రలు. నడిమిది తెల్లగా, అడ్డంగా గాటు.
దాని బరువు నాకు
నాలుగో దశాంశం దాకా తెలుసు.
"ఇదొక్కటి మానితే కళ్ళు తిరుగుతాయి" అంది.
"మానకండి" అన్నాను.
వెంటనే అన్నాను, గట్టిగా అన్నాను.
అదీ నిజమే.
నీళ్ళు లేకుండానే గుటుక్కున మింగి
డబ్బా మూసి, సంచిలో కెఫీర్ సీసా పక్కన పెట్టుకుంది.

నా స్టాపు ఎప్పుడో దాటిపోయింది.
దిగి, మంచులో బూట్లు కూరుకుపోతూ
వచ్చిన దారినే వెనక్కి నడుస్తున్నాను.
పద్దెనిమిదో బ్యాచ్‌లో ఎంత ఉండేది?
పదిహేడులో?