ముప్పై ఒకటో అడుగు

దర్గా వెనక సందులో, మూడో అంతస్తులో
ఎక్కడా లేని ఊరొకటి నడుపుతుంటా నేను.
నిన్న రాత్రి దాని చౌరస్తాలో రెండు వేల మంది చేరారు.
రెక్కలున్నవాళ్లు, కత్తులున్నవాళ్లు,
నక్క తల తగిలించుకున్న గూడూరు కుర్రాడొకడు.
ఒకడు మెడ తిప్పితే
ఆ కబురు అందరికీ పోవాలి.
రెండు వేలు ఇంటూ రెండు వేలు.
నలభై లక్షల మెడతిప్పుళ్లు మోయలేక
సర్వర్ చతికిలబడింది.

"ఇంకో లైను లాగేదా అన్నా?"
కేబుల్ షంషుద్దీన్ అడిగాడు.
లాగితే ఇంకో వెయ్యి మంది వస్తారు గదబ్బా.

నిద్ర పట్టక చెరువుకు దిగాను.
రొట్టెల పండగ, మూడో రోజు.
మోకాటి లోతు నీళ్లలో
ఎవరి మోకాలు ఎవరిదో తెలీని జనం.
"ఇంటి రొట్టె! ఇంటి రొట్టె ఎవరికమ్మా!"
తడి కొంగు దోపుకుని
పొదలకూరు ఆవిడొకామె అరుస్తోంది.
చెరువంతా వినలేదు.
వినాల్సిన ముగ్గురు విన్నారు.
ఒకామె చెయ్యి చాపింది,
రొట్టె విరిగి అటు పోయింది.
మిగతా జనానికి ఆ సంగతే తెలీదు.
తెలీదు గనకే
చెరువు నిలబడి ఉంది.

తడి ప్యాంటుతోనే మెట్లెక్కి
మనిషి చుట్టూ గీత గీశాను.
ముప్పై అడుగుల్లో ఉన్నవాళ్లకే నీ నడక చెప్తాను.
తిన్నగా పోతున్నంతసేపు అదీ చెప్పను,
వాళ్లే ఊహించుకుంటారు.
మలుపు తిరిగితే ఒక్క మాట పంపు, చాలు.
జువ్వలదిన్నెలో మా మామ ఇంతే,
ఆఖరున కనబడిన దీపం, గాలి వాటం,
ఆ రెండిటితో
చీకట్లో పడవ ఎక్కడుందో వేలు పెట్టి చూపేవాడు.
(ఒకసారి తప్పాడు. ఆ సంగతి ఇంట్లో ఎత్తరు.)

తెల్లారేసరికి తీగ చల్లబడింది.
అప్పుడు కిటికీలోంచి మైకు:
"పచ్చ గౌను, నాలుగేళ్ల పాప, పేరు రిజ్వానా అంటోంది,
పోలీసు పందిట్లో ఉండాది..."
చెరువు చెరువంతా ఒక్కసారి తలెత్తింది.

ఇంకో లైను రాశాను:
ఈ రకం మాటకు
దూరం చూడొద్దు.

టీ తాగి తెర వైపు చూస్తే
చౌరస్తా నిండా జనం, ఎవరూ తూలడం లేదు.
ఆ చివర
నక్క తల కుర్రాడు
ఎవరికో చెయ్యూపుతున్నాడు.
ముప్పై ఒకటో అడుగులో నిలబడి,
ఆపకుండా.