బుట్టదాఖలు

కొత్త స్టేడియం తెరిచే రోజుకి
జట్టు చరిత్ర ఇరవై పేజీల్లో రాసిమ్మన్నారు.
ఫోటోలకే పదిహేను పోతాయట.
మిగిలిన అయిదింట్లో
నూట పన్నెండు శీతాకాలాలు సర్దాలి నేను.

పాత జిమ్ము కింద, బాయిలర్ గది పక్కన
ఈడిత్ ట్రెంబాత్ స్కోరు పుస్తకాలు దొరికాయి.
కార్న్‌మోర్ విశ్వవిద్యాలయం, గణితశాఖలో గుమాస్తా.
నలభై ఒక్క ఏళ్లు, ప్రతి శనివారం రాత్రీ
పెన్సిలు చెక్కుకుని గీతల ముందు కూర్చుంది.
సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే గాలికి
సిరా గడ్డకట్టేదని అట్ట లోపల రాసుకుంది.

ఆమెకు ముందున్న పుస్తకం ఒక్కటే, ఎలుకలు తినగా మిగిలింది.
మొదటి ఆటలు లూథరన్ చర్చి నేలమాళిగలో.
ఆట స్థలం నడిబొడ్డున రెండు స్తంభాలు.
పొరుగూరి జట్లు వాటికి గుద్దుకునేవి,
మనవాళ్లు వాటి చాటునుంచి బంతి విసిరేవాళ్లు.
ఆ ఏడు గెలుపులు ఏడు.
అందులో స్తంభాల వాటా ఎంతో ఎవరూ రాయలేదు.
బుట్టకి ఇంకా అడుగుండేది.
బంతి పడ్డప్పుడల్లా చర్చి కాపలాదారు కొడుకు
నిచ్చెనెక్కి తీసేవాడు.
వాడి పేరూ రాయలేదు.

తరవాత రాగి గనుల ఫిన్లాండు పిల్లలు వచ్చారు.
రైనో కంగస్ పగలు గనిలో దిగి, రాత్రి ఆడేవాడు.
ఫ్రీ త్రోకి ముందు అరచేతుల్లో ఉమ్ముకునేవాడు,
రిఫరీ ఎన్నిసార్లు కసిరినా.
ముప్ఫై ఆరులో రైలు దారిలోనే కూరుకుపోయింది.
ఆటకు అందకపోతే ఓటమి కింద లెక్క.
ఈడిత్ స్కోరు వేసింది:
మంచు రెండు, మనం సున్నా.

నలభై మూడు, నలభై నాలుగు.
ప్రతి శనివారానికీ తేదీ ఉంది.
తేదీ కింద ఏమీ లేదు.
ఆడాల్సిన వాళ్లు ఓడల్లో ఉన్నారు.

యాభై ఏడు దగ్గర నా అయిదు పేజీలూ ఇరుకైపోయాయి.
లూషస్ పెట్‌వే. డెట్రాయిట్. నంబరు పద్నాలుగు.
మన జట్టుకి పిలుపొచ్చిన ఒకే ఒక్క పెద్ద టోర్నీ, దక్షిణాదిన.
నల్లవాడు లేకుండా రమ్మని
మర్యాదగా టైపు చేసిన ఉత్తరం.
కోచ్ లాహ్తెలా, కొత్త స్టేడియానికి పెట్టింది ఆయన పేరే,
రెండు రాత్రులు నిద్రపోలేదట.
మూడో రోజు పొద్దున్నే
తొమ్మిదిమందితో బస్సెక్కాడు.
రెండు పాయింట్లతో ఓడిపోయి వచ్చారు.

ఇత్తడి ఫలకం మీద ఆ సంవత్సరం మెరుస్తూ ఉంది.
ఈడిత్ పుస్తకంలో పద్నాలుగో నంబరు పక్కన
ముందు 'ఆడలేదు' అని ఉంది.
రబ్బరుతో చెరిపి
'ఆడనివ్వలేదు' అని దిద్దింది.
చెరిపినచోట కాగితం పలచబడింది.
దీపానికి ఎత్తి పట్టుకుంటే
అవతలి వెలుగు కనిపిస్తుంది.

ఆ వరసని ఉన్నదున్నట్టు అయిదో పేజీలో పెట్టాను.
వేడుకల సంఘం నవ్వుతూనే అంది, స్థలం చాలదేమో అని.
ఆటలో బుట్టలో పడిందే లెక్క.
ఆఫీసుల్లో బుట్టలో పడిందే లెక్కలోంచి పోతుంది.
ఇంతకాలం ఒకే మాటతో
రెండు ఆటలు ఆడుతున్నామన్నమాట.

పెట్‌వే గారికి ఫోను చేశాను.
ఎనభై ఆరేళ్లు. ఫ్లింట్‌లో బడిపిల్లలకి వడ్రంగం నేర్పి రిటైరయ్యారు.
మొదటి పేజీ నుంచీ చదివి వినిపించాను.
స్తంభాల దగ్గర పడీ పడీ నవ్వారు.
యాభై ఏడు దగ్గర ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.
ఆ రాత్రి ఏం చేశారని అడిగాను.
"హాస్టల్లో దుప్పటి ఉతుక్కున్నా.
రేడియోలో స్కోరు చెప్పేసరికి ఆరిపోయింది కూడా."

కాసేపటికి ఆయనే అడిగారు:
"ఆ ఆటలో మనవాళ్లు ఫ్రీ త్రోలు ఎన్ని పోగొట్టారు?"

పుస్తకం చూసి చెప్పాను. నాలుగు.

"మూడు వేసేవాణ్ణి," అన్నారు.
"నాలుగోదాని సంగతి
ఒట్టేసి చెప్పలేను."