కొసరు

ఉదయం ఎనిమిదింటికి అర్థశాస్త్రం.
పదకొండు మందిమి, ఒకటే పొడుగు బల్ల.
కిటికీ అవతల కోతలైపోయిన మొక్కజొన్న చేలు,
గీసీ గీయని గడ్డంలా అయోవా నవంబరు.

లిండ్‌క్విస్ట్ మాస్టారు బోర్డు మీద
రెండు గీతలు గీస్తారు.
అవి కోసుకున్న చుక్క దగ్గర
ఎవరికీ ఏ ఫిర్యాదూ ఉండదంటారు.
ఆయన కోటు మోచేతికి మాసిక.
నేను చుక్కని వదిలేసి మాసికనే చూస్తుంటాను,
ఎవరు కుట్టారో, ఎంతకి కుట్టారో.

మధ్యాహ్నం మనస్తత్వశాస్త్రం.
ఆ భవనానికీ ఈ భవనానికీ నూటపన్నెండు అడుగులు,
మంచు పడితే నూటనలభై.
పొద్దున లాభనష్టాలు బేరీజు వేసుకున్న మనిషి
ఈ కాస్త దూరంలోనే
తన లెక్క తనకే తెలియని మనిషైపోతాడు.

మనిషి ముందు చేసేస్తాడు,
కారణం తర్వాత వెతుక్కుంటాడు
అంటుంది డాక్టర్ ఇఫెయోమా.
అది విన్నాక
ఈ రెండు చదువులూ ఎందుకు తీసుకున్నావని ఎవరడిగినా
నాకు నోరు పెగలదు.
దరఖాస్తులో రాసిన కారణం చాలా బాగుంది.
అసలుది, రెండిటి పుస్తకాలూ లైబ్రరీలో ఊరికే దొరుకుతాయి.

వారానికి ఆరు గంటలు ల్యాబులో పని నాకు.
నేలమాళిగలో ఒక గది, ఒక బల్ల, ఒక కవరు.
కాగితం చూసి చదువుతాను:
మీకు పది డాలర్లు.
పక్కగదిలో మీరెరగని మనిషి ఒకరున్నారు.
ఎంతిస్తారో కవరులో పెట్టండి.
ఏమీ ఇవ్వకపోయినా ఎవరూ అడగరు.

ఫుట్‌బాల్ కుర్రాడు రెండు పెట్టాడు.
తత్వశాస్త్రం చదివే పిల్ల ఐదు పెట్టి, ఒకటి తీసి,
నలభై సెకన్లు కూర్చుని, మళ్ళీ పెట్టింది.
ఎనిమిదింటి క్లాసులో నా పక్కన కూర్చునే బ్రెంట్
సున్నా.
అదే కదా సరైన జవాబు అని కన్ను కొట్టాడు.

గురువారం లవోన్ వచ్చింది.
భోజనశాలలో గిన్నెలు తోమే లవోన్,
షిఫ్టు దిగి, నానిన వేళ్ళతో.
ఐదు నోట్లు లెక్కపెట్టి కవరులో వేసింది.
తర్వాత ఏప్రాన్ జేబు తడిమి
పావలా డాలరు ఒకటి తీసి, అదీ వేసింది.

నేను మాట్లాడకూడదు. మాట్లాడాను.
"అది మీ సొంత డబ్బు."
"తెలుసు. సగానికి సగం ఇస్తే
లెక్క తీర్చేసుకున్నట్టుంటుంది, పిల్లా."

నా ఫారంలో సున్నా నుంచి పది దాకా గడులు.
నోట్లన్నిటికీ చోటుంది.
పావలాకి లేదు.

తాడేపల్లిగూడెం మార్కెట్లో సింహాచలమ్మ
రూపాయి కోసం పది నిమిషాలు పోట్లాడేది,
వంకాయలు తూచి, త్రాసు దించేశాక
గుప్పెడు పచ్చిమిరపకాయలు సంచిలో పడేసేది.
అడగడం మరిచిపోతే చిన్నబుచ్చుకునేది.
ఆ గుప్పెడు, త్రాసు చూడని గుప్పెడు,
దానికి మా భాషలో మాటుంది
అని చెప్పబోయాను డాక్టర్ ఇఫెయోమాకి.
ఆవిడ అప్పటికే ఆ వరుసని ఎర్రగా గీసి
'సూచన అర్థం కాలేదు' అని రాస్తోంది.

ఇంకో సంగతి.
అర్థశాస్త్రం వాళ్ళు ప్రయోగంలో అబద్ధమాడరు.
వీళ్ళు ఆడతారు, చివర్లో చెప్పేస్తే చాలు.
కాబట్టి చెప్పాను లవోన్‌కి:
పక్కగదిలో ఎవరూ లేరు,
మాపూ, బకెట్టూ తప్ప.
నవ్వింది. "ఆ బకెట్టు నాకు తెలుసు" అంది.
పావలా మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అది ఇప్పుడు నా పెన్సిళ్ళ డబ్బాలో ఉంది.

నిన్న రాత్రి డ్రయ్యరుకి ఆరు పావలాలు కావాలి,
నా దగ్గర ఐదే ఉన్నాయి.
డబ్బా మూత తీశాను, పెట్టాను.
తడి మేజోళ్ళు కుర్చీ వీపు మీద ఆరేసుకుని
పొద్దున, చెమ్మ ఆరకుండానే తొడుక్కుని,
ఎనిమిదింటికి క్లాసుకి వెళ్ళాను.

కారణం ఇంకా వెతుక్కుంటున్నాను.