దృశ్యత గడి

చెట్లు మొలవని దీవులు మావి.
గాలి మొలవనివ్వదు.
అందుకే తోర్షావన్ నేలమాళిగలో
ఎయ్దున్ తెరమీద చెట్టు చూపిస్తే నవ్వొచ్చింది.
వేరు పైన, కొమ్మలు కిందికి,
ఏ కొమ్మకైనా తల్లి ఒక్కతే.
"ఎక్స్ఎంఎల్ అంటే ఇంతే, తూరీ.
లక్షా పదకొండు వేల కాగితాలు.
ఏ గూటి పక్షిని ఆ గూట్లో పెట్టేద్దాం."

పెట్టాం. రెండు శీతాకాలాలు పట్టింది.
ఉప్పుచేపల లెక్కలు ఒక సంపుటంలో,
చర్చి ప్రసంగాలు ఇంకోదాంట్లో,
గొర్రెల చెవిగుర్తుల తగాదాలకైతే
మూడంతస్తుల కొమ్మ
(అన్నదమ్ముల తగాదాలు వేరే ఉపశాఖ).
తెరిచిన ప్రతి ట్యాగునూ మూశాం,
గాలివాన రాత్రి తలుపులు వేసుకున్నట్టు
ఒకటికి రెండుసార్లు తడిమి చూసి.

మొన్న మంగళవారం
దీపస్తంభం కాపరి వాతావరణ పుస్తకాలు ఎక్కిస్తుంటే
యంత్రం మొరాయించింది.
వరుస నాలుగు వేల నూట పన్నెండు. చెల్లదు.
దృశ్యత గడిలో అంకె మాత్రమే ఉండాలి, మైళ్లలో.

పాత పుస్తకం తీసి చూశాను.
కాగితం చిరిగేంత నొక్కి రాసిన పెన్సిలు:
"సున్నా. పాప ఇవాళ మాట్లాడింది.
పడవేదని అడిగింది."

వెనక్కి తిప్పాను, ఏడు నెలలు.
గాలి ఈశాన్యం. వాన ఉంది.
వెళ్లిన పడవలు: ఒకటి.
తిరిగొచ్చినవి:
అక్కడేమీ లేదు.
ఆ గడిని మాత్రం యంత్రం పల్లెత్తు మాట అనలేదు.
ఖాళీ చెల్లుతుంది.

"ఇతరాల్లో పడెయ్" అన్నాడు ఎయ్దున్.
ఇతరాల్లో ఇప్పటికే తొమ్మిది వేలున్నాయి.
అక్కడ పడ్డదాన్ని ఎవరూ అడగరు.
అడగాలంటే ముందు దాని పేరు తెలియాలి కదా.

స్కీమా తెరిచి ఒక్క వాక్యం మార్చాను.
దృశ్యత: అంకె గానీ, మాటలు గానీ, రెండూ గానీ.
మళ్లీ మొదట్నుంచీ సరిచూడటానికి
అర్ధరాత్రి దాటింది.
తిరస్కరించిన పేజీలు ఒక్కొక్కటే లోపలికొచ్చాయి,
"ఆవు ఈనింది" అని ఒకటి,
"నూనె అడుగంటింది, నేనూ" అని ఒకటి.

"సగటు ఎలా తీస్తావిక?" ఎయ్దున్ గొణిగాడు.
నాకూ తెలీదు.

మెట్లెక్కి బయటికొచ్చాం.
రేవు మీద మంచు, దీపాలు కూడా లేవు.
"ఎంత దూరం కనిపిస్తోంది?" అన్నాను.
చాలాసేపు చూశాడు.
అంకె చెప్పలేదు.