పదహారో నిమిషం

హాస్టల్లో పరుపు కింద దొరికిన సీసా
ఒంగోలు ల్యాబులో నా బల్ల మీదికొచ్చింది.
లేబుల్ మీద మామిడిపండు బొమ్మ.
మూత తీసి వాసన చూడకూడదు, అది మొదటి రూలు.

మెథనాల్లో పలచన చేసి
ఒక్క మైక్రోలీటరు, చీమ కన్నీరంత, సూదితో ఎక్కించాను.
ఓవెన్ నలభై దగ్గర మొదలై
నిమిషానికి పది డిగ్రీలు పెరుగుతోంది.

టంగుటూరులో మా నాయన
పొగాకు బేరన్ పొయ్యి ఇట్టాగే ఎగదోసేవాడు
ఆకు పసుపు తిరిగేదాకా, రాత్రుళ్లు, కూర్చుని.
"తొందరపడితే మాడుద్ది మే."

తెర మీద గీత లేచింది.
వెన్న వాసనకి డయాసిటైల్,
పండు వాసనకి ఈథైల్ బ్యూటిరేట్.
మామిడి చెట్టు నీడ కూడా లేదు.
పదహారో నిమిషంలో, వెనిలిన్‌కి కాస్త ముందు,
కాగితం దాటిపోయేంత ఎత్తున నికోటిన్.
లేబుల్ మీద సున్నా అని ఉంది.
పిల్లోడికి పదిహేడేళ్లట.

లైబ్రరీ తొంభైయారు శాతం పోలిక అంది.
నాయనైతే వేళ్ల మధ్య ఆకు నలిపి
గ్రేడు చెప్పేసేవాడు, శాతాల్లేకుండా.

పద్దెనిమిదిన్నర దగ్గర ఇంకో చిన్న గుట్ట.
ఏ పేరూ కలవలేదు.
"తెలియదు" అని రాసి,
సూది కడిగి,
ఇంకో చుక్క తీశాను.